ఒక్కరోజులో వాలెట్టా

ప్రశ్న: అమ్మానాన్నలతో ఓడలో మాల్టా వెళ్తున్నాం. వాలెట్టాలో ఒక్కరోజే ఆగుతుంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఏం చూడాలండీ?

జవాబు: టెన్షన్ పడకండి, ఊరు చాలా చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు కిలోమీటరే. కానీ వీధులు ఏటవాలు, ఎక్కడ చూసినా మెట్లు. అందుకే నాన్నగారిని రేవు నుంచి బరాక్కా లిఫ్టులో పైకి తీసుకెళ్లండి, దిగగానే పైన తోట, కింద రేవంతా కనిపిస్తుంది. అక్కడ మధ్యాహ్నం 12 గంటలకి ఫిరంగి పేలుస్తారు, ఐదు నిమిషాల ముందే కమ్మీ దగ్గర చోటు చూసుకోండి.

అంతకంటే ముందు, పొద్దున్నే సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చి. ఇది మాత్రం వదలొద్దు! ఆదివారం సందర్శకులకి ఉండదు, మీ ఓడ ఏ రోజు వస్తుందో చూసుకోండి. నేలంతా రంగురంగుల పాలరాతి సమాధి ఫలకాలే, వాటి మీదే నడుస్తాం, అందుకే సన్నని హీల్స్ వేసుకుంటే రానివ్వరు. లోపల ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో గీసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం బొమ్మ ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే, దగ్గరికెళ్లి చూడండి, కారిన నెత్తుటిలోనే పేరు రాసుకున్నాడు. నాకైతే అక్కడి నుంచి కాలు కదల్లేదు.

1565లో ఒట్టోమన్ తుర్కులు మాల్టాని ముట్టడించిన తర్వాత, మరుసటి ఏడే ఈ కోట నగరానికి పునాది వేశారు.

తినడానికి పాస్టిజ్జి, అంటే లోపల ముద్ద కూరి కాల్చిన పొరల పిండివంట, బఠాణీలది అడగండి. శాకాహారులైతే పిండిలో పందికొవ్వు కలిపారేమో కనుక్కోండి.