వేడెక్కితే ఆయిల్ లైటు: బ్లాకు మార్చే ముందు

అన్నా, చీమకుర్తి గ్రానైట్ లోడ్లకు తిరిగే మీ టిప్పర్‌లో ఇంజన్ వేడెక్కాక స్లోలో (బండి నిలిచి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఆయిల్ ప్రెషర్ తగ్గిందని చెప్పే ఆయిల్ లైటు వెలుగుతోందని, మెకానిక్ ఇంజన్ బ్లాకే (ఇంజన్ ప్రధాన దిమ్మే) పోయిందన్నాడని రాశారు. నాకైతే నమ్మకం లేదు. పోతపోసిన ఇనుప బ్లాకు అంత తేలిగ్గా పోదు. ముందు అరిగేది క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులే, అవి అరిగితే ఆయిల్ ప్రెషర్ తగ్గుతుంది.

మొదట ఆయిల్ ప్రెషర్ సెన్సార్ విప్పి, ఆ చోట మెకానికల్ గేజీ బిగించి ప్రెషర్ చూడండి. బాగానే ఉంటే సెన్సార్‌దే తప్పు, ఖర్చు తక్కువ. నిజంగానే తక్కువుంటే ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ కలిస్తే ఆయిల్ పలచబడుతుంది. అదీ లేకపోతే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు దించి బేరింగులు చూడాలి. పైపూత పోయి రాగి రంగు కనిపిస్తే మార్చాల్సిందే, క్రాంకు కూడా కొలిపించండి.

15డబ్ల్యూ-40 ఆయిల్ బదులు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే లైటు ఆరొచ్చు, అరిగిన బేరింగు మాత్రం బాగుపడదు. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడండి. ఇంజన్ కింద టకటక మోత వినిపిస్తే మాత్రం బండి కదపకండి.