పరిహారం వస్తుందన్న ధైర్యంతో అప్పు చేయకండి

ప్రశ్న: నా వయసు 37. ఖమ్మం జిల్లాలో టైల్స్ పని చేసి నెలకు సుమారు 30,000 సంపాదించేవాణ్ని. నాలుగు నెలల కిందట కారు గుద్ది కుడికాలు మోకాలి కింద విరిగింది, రాడ్డు వేశారు. బంగారం తాకట్టు పెట్టి, చేబదుళ్లు తెచ్చి 3.6 లక్షల బిల్లు కట్టాం. ఆసుపత్రిలో పరిచయమైన ఒకాయన లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. 15 లక్షలు వస్తాయని, అందులో 30 శాతం ఫీజు అని చెప్పి వకాల్తా మీద, కొన్ని తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. కేసు ఇంకా వేయలేదు. ఇంటి ఖర్చు నెలకు 25,000. కేసు ఉందని ఒక ఫైనాన్సరు నూటికి 3 రూపాయల వడ్డీకి 4 లక్షలు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. 4 లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000. కేసు మూడేళ్లు నడిస్తే వడ్డీయే 4,32,000 అవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రైబ్యునల్, పరిహారం మీద మీకు ఇప్పించే వడ్డీ సాధారణంగా ఏడాదికి 6 నుంచి 9 శాతం. మీరు కట్టేది 36 శాతం. తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా, బీమా కంపెనీకి 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వెళ్లే హక్కుంది. అప్పీలు లేకపోయినా పరిహారంలో కొంత భాగాన్ని ట్రైబ్యునల్ మీ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయించవచ్చు. ఫైనాన్సరు అంతవరకు ఆగడు. ప్రమాదం జరిగిన ఇళ్లలో పదేపదే జరిగే తప్పు ఇదే: ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని పరిహారాన్ని అత్యవసర నిధిగా లెక్కేసుకోవడం.

ఆ 15 లక్షలు ఎలా వచ్చాయో చూద్దాం. నెలకు 30,000 ఆదాయం, 40 ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద దానికి 40 శాతం కలిపితే 42,000. ఏడాదికి 5,04,000. 36 నుంచి 40 ఏళ్ల వారికి సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చించాల్సిన అంకె, 15. మొత్తం 75,60,000. సంపాదన శక్తి 20 శాతం తగ్గిందనుకుంటే 15,12,000. అన్నీ కలిసొస్తే వచ్చే అంకె ఇది. 30,000 ఆదాయానికి కాగితం చూపలేక ట్రైబ్యునల్ 15,000 అని అంచనా వేస్తే 7,56,000. పైగా నష్టం 10 శాతమే అని తేలితే 3,78,000. చికిత్స ఖర్చు, పని పోయిన నెలల ఆదాయం, బాధకు ఇచ్చే మొత్తం వేరుగా వస్తాయి. అయినా తేడా ఎంతో చూశారు కదా. 7,56,000 వచ్చినా అందులో 30 శాతం అంటే 2,26,800 ఫీజుకే పోతుంది.

కేసు ఫలితాన్ని బట్టి ఫీజు, పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. ఇంత మొత్తమని ముందే మాట్లాడుకుని, విడతలవారీగా కట్టి రసీదు తీసుకోండి. ఆ తెల్లకాగితాలు వెంటనే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే లాయరును మార్చుకోండి, ఆ హక్కు మీకుంది. కొత్త లాయరు పాత లాయరు నుంచి నో అబ్జెక్షన్ తీసుకుంటారు, లేదా కోర్టు అనుమతి అడుగుతారు. బ్యాంకు పాస్‌బుక్, సంతకం చేసిన చెక్కులు, ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఫీజు కట్టలేని స్థితి అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సహాయానికి అర్హత ఉందేమో కనుక్కోండి.

ఈ కేసుల్లో మంచి లాయరు పని వాదన కంటే ముందు కాగితాల దగ్గర మొదలవుతుంది. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, కారు ఆర్‌సీ, డ్రైవరు లైసెన్సు, ప్రమాదం రోజున చెల్లుబాటులో ఉన్న పాలసీ కాపీ తెప్పించాలి. డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. మీరు ఉండే చోట ట్రైబ్యునల్‌లోనే పిటిషన్ వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం గడువు ఆరు నెలలు. మీకు మిగిలింది రెండు నెలలే. ఆ గడువు మీద కోర్టుల్లో వాదనలున్నాయి కదా అని ఎవరైనా చెప్పినా ఆగకండి.

ఎక్కువ కేసులు దెబ్బతినేది వైకల్యం శాతం దగ్గర. కాలికి 40 శాతం అని సర్టిఫికెట్ ఇస్తే, శరీరం మొత్తానికి 40 శాతం అని కాదు. సంపాదనకు 40 శాతం నష్టమనీ కాదు. గుమాస్తాకు అదే కాలు పెద్ద అడ్డు కాకపోవచ్చు. గంటలకొద్దీ గొంతుకూర్చుని టైల్స్ పరిచే మీకు అది జీవనోపాధి. ఈ మాట డాక్టరు సాక్ష్యంలో రావాలి, సర్టిఫికెట్ ఒక్కటి జతచేస్తే సరిపోదు. ఆదాయానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే లావాదేవీలు, మీతో పని చేయించుకున్న ఇద్దరు ముగ్గురు ఇంటి యజమానుల సాక్ష్యం సిద్ధం చేసుకోండి. రాడ్డు తీయించే ఆపరేషన్ ఖర్చెంతో డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించండి. ఎముక పూర్తిగా అతకకముందే లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది, లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు.

ఇప్పుడు ఇంటి సంగతి. చేబదుళ్లు ఇచ్చినవారికి గడువు అడగండి. ఇంకా బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, ఫైనాన్సరు గడప మాత్రం తొక్కకండి. రెండో ఆపరేషన్‌కు ముందు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ఇలాంటి ప్రమాదాల్లో మొదటి 7 రోజులకు 1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స పథకం 2025 మే నుంచి ఉంది. మీ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియకపోవడం బాధగా ఉంది.

మీ ఇంటి ఖర్చు 25,000. ఆరు నెలలకు 1.5 లక్షలు. అది బ్యాంకులో ఉండి ఉంటే ఈ నాలుగు నెలలు ఎవరి ముందూ చేయి చాచకుండా గడిచేవి. పనికెళ్లిన రోజే కూలి వచ్చే మీకు ఇది ఉద్యోగస్తుల కంటే ఎక్కువ అవసరం. పరిహారం చేతికొచ్చిన రోజు బంగారం విడిపించాక మొదట పక్కన పెట్టాల్సింది ఈ 1.5 లక్షలే. ఆ తర్వాతే ఇల్లు, బండి, ఇంకేదైనా.

బండి బీమాలో యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంది కదా అనుకుంటారు చాలామంది. అది మరణానికి, అవయవాలు పోయినందుకు, శాశ్వత పూర్తి వైకల్యానికి వర్తిస్తుంది. కాలు విరిగి నెలల తరబడి మంచాన పడితే దాని నుంచి రూపాయి రాదు. మళ్లీ పనికి వెళ్లాక విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. అందులో తాత్కాలిక పూర్తి వైకల్యానికి వారం వారం డబ్బు ఇచ్చే క్లాజు ఉందో లేదో, ఎన్ని వారాలు ఇస్తారో చదివాకే సంతకం చేయండి.