పాఠశాల వెబ్‌సైటు నెమ్మదించినప్పుడు సర్వర్ మార్చడానికి ముందు చూడవలసినవి

మీరు ఒక ప్రైవేటు పాఠశాల కార్యాలయంలో పనిచేస్తూ వెబ్‌సైటు బాధ్యత కూడా చూస్తున్నారని, ఫోనులో మొదటి పేజీ తెరుచుకోవడానికి పది సెకన్లకు పైగా పడుతోందని తల్లిదండ్రులు చెబుతున్నారని రాశారు. సైటు తయారుచేసిన సంస్థ ఖరీదైన సర్వర్‌కు మారమంటోంది, లేదా సైటంతా కొత్తగా కట్టించుకోమంటోంది. ఈ రెండింటిలో ఏది మేలని మీ ప్రశ్న. ఇప్పటికి రెండూ వద్దని నా సలహా. ముందుగా ఆ పేజీ బరువెంతో, అంటే దానిని తెరవడానికి ఫోనులోకి ఎంత డేటా దిగాలో, ఆ బరువు ఎక్కడిదో చూడండి.

నేను కొన్నేళ్లుగా ఒక ప్రైవేటు పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ దాని సైటు నిర్వహణ కూడా చూస్తున్నాను. మాకూ సర్వర్ మార్చమని సరిగ్గా ఇదే సలహా ఇచ్చారు. మేము పాటించాము కూడా. నెలనెలా కట్టే హోస్టింగ్ (సైటును సర్వర్‌లో ఉంచే సేవ) రుసుము పెరిగింది గానీ, ఫోనులో పేజీ తెరుచుకునే తీరు మారలేదు. మా పాత సర్వరే అర సెకనులోపు జవాబిస్తోందని, ఆలస్యమంతా ఆ తర్వాత ఫోనులోకి దిగవలసిన ఫొటోలు, వీడియో, స్క్రిప్టుల (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాముల) వల్లేనని కొలిచి చూశాకే తెలిసింది. ఆ కొలతేదో డబ్బు ఖర్చుపెట్టక ముందే చేసి ఉండవలసింది.

కొలవడం కష్టమేమీ కాదు. కంప్యూటరులో క్రోమ్ బ్రౌజర్ తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో క్యాష్‌ను (ముందు తెరిచినప్పుడు దాచుకున్న ఫైళ్లను బ్రౌజర్ మళ్లీ వాడుకోవడాన్ని) ఆపివేసి పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఏ ఫైలు ఎంత బరువుందో, ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో వరుసగా కనిపిస్తుంది. సైజు ప్రకారం అమర్చితే, చాలా సందర్భాల్లో పైనున్న ఐదారు ఫైళ్లే పేజీ బరువులో అధిక భాగాన్ని మోస్తూ ఉంటాయి. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటు చిరునామా ఇచ్చి చూడడం కూడా ఉపయోగమే. అయితే అందులో పెద్ద అక్షరాలతో కనిపించే 100కి ఇన్ని అన్న మార్కు ఒక కృత్రిమ పరీక్ష ఫలితమని గుర్తుంచుకోండి. దానికి పైన, నిజమైన సందర్శకుల నుంచి గత 28 రోజులలో సేకరించిన వివరాలు విడిగా ఉంటాయి. సందర్శకులు తక్కువగా ఉన్న పాఠశాలలకు ఆ భాగం ఖాళీగా ఉండవచ్చు. అక్కడ చూడవలసిన అంకెలు మూడు. పేజీలోని ప్రధాన చిత్రం లేదా వచనం కనిపించే సమయం 2.5 సెకన్లు మించకూడదు. నొక్కిన దానికి పేజీ స్పందించే సమయం 200 మిల్లీసెకన్లు మించకూడదు. లోడ్ అవుతూ పేజీ అటూ ఇటూ జరిగే కొలత 0.1 దాటకూడదు. నలుగురు సందర్శకులలో ముగ్గురికైనా ఈ స్థాయి అందితేనే సైటు బాగున్నట్లు లెక్క.

పాఠశాలల్లో ఈ సమస్య ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాకపోవడానికి ఒక కారణం ఉంది. సైటును ఆమోదించేవారు దానిని కార్యాలయంలోని కంప్యూటరులో, వేగవంతమైన ఇంటర్నెట్ మీద, అంతకుముందే ఎన్నోసార్లు తెరిచిన బ్రౌజర్‌లో చూస్తారు. ఫైళ్లన్నీ అక్కడ క్యాష్‌లో సిద్ధంగా ఉంటాయి కనుక పేజీ రెప్పపాటులో తెరుచుకుంటుంది. బిడ్డను చేర్పించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లి మాత్రం దానిని మొదటిసారి, మామూలు ఫోనులో, మొబైల్ డేటా మీద తెరుస్తుంది. అందుకే మా యాజమాన్య సమావేశానికి నేను నివేదిక తీసుకువెళ్లలేదు. ఒక సాధారణ ఫోనులో వైఫై ఆపి, ఇన్‌కాగ్నిటో విండోలో మా సైటు తెరిచి, ఫోనును బల్ల మీద పెట్టాను. పేజీ కనిపించేదాకా అందరూ మౌనంగా ఎదురుచూశారు. ఆ తర్వాత దేనికీ అభ్యంతరం రాలేదు.

బరువు అంటే ఏమిటో ఒక లెక్కతో చెబుతాను. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ మొబైల్ పరీక్ష సెకనుకు సుమారు 1.6 మెగాబిట్ల వేగాన్ని ఊహించుకుంటుంది. ఒక మెగాబైటు అంటే ఎనిమిది మెగాబిట్లు కనుక, ఆ వేగంలో ఒక్క మెగాబైటు దిగడానికే ఐదు సెకన్లు పడుతుంది. ఫోను కెమెరాతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో సాధారణంగా మూడు నుంచి ఐదు మెగాబైట్లు ఉంటుంది. వార్షికోత్సవం నాటి అలాంటి ఫొటోలు ఐదింటిని హోమ్ పేజీ స్లైడర్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా మారే చిత్రాల వరుసలో) పెడితే ఏమవుతుందో మీరే లెక్కవేయండి. సర్వర్ ఎంత గొప్పదైనా అంత సరుకునూ ఆ సన్నని దారిలోనే పంపాలి.

కాబట్టి ఫొటోలతో మొదలుపెట్టండి; పాఠశాల సైట్లలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే వస్తుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పి అనే తక్కువ బరువు చిత్ర రూపంలో, నాణ్యత 75 నుంచి 80 మధ్య ఉంచి భద్రపరిస్తే, నాలుగు మెగాబైట్ల ఫొటో చాలావరకు రెండు మూడు వందల కిలోబైట్లకు వస్తుంది. ఫోను తెర మీద ఆ తేడాను కన్ను పట్టలేదు. స్లైడర్‌ను తీసివేసి ఒక్క మంచి ఫొటో పెట్టమని కూడా సూచిస్తాను. రెండో చిత్రం వచ్చేదాకా ఆగి చూసే తల్లిదండ్రులు అరుదు. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీద ఉంటే, 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది ఒకే ఫొటోకున్న అనేక పరిమాణాలను బ్రౌజర్ ముందుంచి, తెరకు తగినదాన్ని ఎంచుకోనిస్తుంది. అయితే పేజ్ బిల్డర్‌తో (కోడ్ రాయకుండా పేజీని అమర్చే పరికరంతో) నేపథ్య చిత్రంగా పెట్టిన ఫొటోకు ఈ సౌకర్యం వర్తించదు. మా హోమ్ పేజీలో అన్నిటికన్నా పెద్ద చిత్రం సరిగ్గా అలాగే ఉంది. దానిని మామూలు చిత్రంగా మార్చిన రోజే స్పష్టమైన తేడా కనిపించింది.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. చిత్రాలను ఆలస్యంగా తెప్పించే లేజీ లోడింగ్ మంచి పద్ధతే, కానీ అది పేజీ కింది భాగంలోని చిత్రాలకు మాత్రమే. కొన్ని ప్లగిన్లు (సైటుకు అదనంగా చేర్చే ప్రోగ్రాములు) పైనున్న ప్రధాన చిత్రానికి కూడా దానిని తగిలిస్తాయి. అప్పుడు అన్నిటికన్నా ముందు రావలసినది అన్నిటికన్నా వెనక వస్తుంది. ఆ ఒక్క చిత్రాన్ని మినహాయించి, దానికి అధిక ప్రాధాన్యం సూచించే గుర్తు పెట్టించండి. ప్రతి చిత్రానికీ వెడల్పు, ఎత్తు రాయించడం కూడా మరవకండి. లేకపోతే చిత్రం వచ్చినప్పుడల్లా కింది వచనం జారిపోతుంది. ఫీజుల లింకు నొక్కబోయిన వేలు సెలవుల జాబితా మీద పడుతుంది. పేజీ పైన ఆలస్యంగా ఊడిపడే ప్రకటన పట్టీ వల్ల కూడా ఇదే ఇబ్బంది వస్తుంది కనుక దానికి ముందే చోటు కేటాయించాలి.

వేగానికి సంబంధం లేకపోయినా ఇక్కడ తప్పక చెప్పవలసిన మాట ఒకటుంది. ఫోనుతో తీసిన ఫొటో ఫైలులో, ఆ సెట్టింగు ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటుంది. పిల్లల ఫొటోలకు ఇది మంచిది కాదు. వర్డ్‌ప్రెస్ చిన్న పరిమాణాలు తయారుచేసుకున్నా, మీరు ఎక్కించిన మూల ఫైలు సర్వర్‌లోనే ఉండిపోతుంది. అందువల్ల సైజు తగ్గించడం, ఆ సమాచారం తొలగించడం రెండూ ఎక్కించక ముందే మీ కంప్యూటరులో జరగాలి.

వీడియో విషయం తేలికగా తేల్చవచ్చు. హోమ్ పేజీలో తనంతట తానే ఆడే నేపథ్య వీడియో ఫోనుకు అవసరం లేదు. ఆ చోట ఒక నిశ్చల చిత్రం చాలు. యూట్యూబ్ వీడియోను నేరుగా పొదిగితే, ఎవరూ దానిని నొక్కకపోయినా వందల కిలోబైట్ల స్క్రిప్టు దిగుతుంది. కేవలం ముఖచిత్రం చూపించి, నొక్కినప్పుడు మాత్రమే ప్లేయర్‌ను తెప్పించే ఏర్పాటు ఉంది. మీ సైటు తయారుచేసినవారిని దానినే అడగండి.

బయటి స్క్రిప్టుల మీద మాత్రం ఒక పూట కూర్చోవలసిందే. పాఠశాల సైటుకు ప్రతి ఏడాదీ ఏదో ఒకటి వచ్చి చేరుతుంది: చాట్ పెట్టె, సామాజిక మాధ్యమాల పోస్టుల వరుస, అనువాద బటన్, పేజీ అడుగున మ్యాపు, ప్రకటనల ట్రాకింగ్ కోడ్. చేర్చేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. తీసివేయమని ఎవరూ అడగరు. ఇలాంటి కోడ్‌లను ఒకచోట నిర్వహించే మా ట్యాగ్ మేనేజర్ తెరిచి చూస్తే, రెండేళ్ల క్రితం ముగిసిపోయిన ప్రవేశాల ప్రచారానికి చెందిన కోడ్ ప్రతి పేజీలోనూ ఇంకా నడుస్తోంది. విచారణ ఫారంలో యంత్రాలను అడ్డుకునే రీక్యాప్చా స్క్రిప్టు, ఫారమే లేని పేజీలలో కూడా దిగుతోంది. ఇవి డేటా ఖర్చుతో ఆగవు. చవక ఫోనులోని ప్రాసెసర్ వాటితో తలమునకలుగా ఉన్నంతసేపు మెనూ నొక్కినా తెరుచుకోదు. పైగా పిల్లల కుటుంబాలు చూసే పేజీలలో వారి కదలికలను బయటి సంస్థలకు పంపే కోడ్ ఉండడం నాకు సమ్మతం కాదు. ఒక్కొక్క స్క్రిప్టు పేరు రాసి, దాని ఎదురుగా అది ఎవరికి అవసరమో ఆ వ్యక్తి పేరు రాయండి. ఎవరి పేరూ రాయలేకపోయిన వాటిని తీసివేయండి. మా జాబితాలో సగానికి పైగా అలా పోయాయి. తర్వాత వాటి కోసం ఎవరూ అడగలేదు.

పాఠశాల నోటీసుల సంగతికి వస్తే, సంతకం చేసిన సర్క్యులర్‌ను స్కాన్ చేసి ఆ బొమ్మనే సైటులో పెట్టడం చాలా పాఠశాలలకు అలవాటు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) స్కాన్ చేస్తే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిత్రం తయారవుతుంది. అదే విషయాన్ని వచనంగా టైపు చేస్తే నాలుగైదు కిలోబైట్లు మించదు. ఫోనులో పెద్దదిగా చేసుకోకుండా చదవవచ్చు, వెతికితే దొరుకుతుంది, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. సంతకం ఉన్న ప్రతి కావాలంటే కింద పీడీఎఫ్ లింకు ఇచ్చి, పక్కన దాని సైజు రాయండి. ప్రాస్పెక్టస్‌ను కూడా పేజీలోనే తెరుచుకునేలా పొదగకుండా ఇలాగే లింకుగా ఇవ్వండి.

ఫాంట్ల గురించి రెండే మాటలు. రెండు రకాలకు మించి వాడకండి. అవి వాఫ్2 అనే కుదించిన ఫాంట్ ఫైలు రూపంలో, మీ సర్వర్ నుంచే రావాలి. ఫాంట్ వచ్చేదాకా వచనం కనిపించకుండా దాగకూడదు, ఫోనులో ఉన్న ఫాంట్‌తో వెంటనే కనిపించాలి.

సర్వర్ పాత్ర అసలు లేదని నేను అనడం లేదు. ఫలితాలు వెలువడే ఉదయం, దరఖాస్తులు మొదలయ్యే గంటలో వందల మంది ఒకేసారి వస్తారు. అప్పుడు వర్డ్‌ప్రెస్ ప్రతి ఒక్కరికీ పేజీని డేటాబేసు నుంచి కొత్తగా తయారుచేస్తూ కూర్చుంటే ఎంత పెద్ద సర్వరైనా తడబడుతుంది. తయారైన పేజీని దాచి అందరికీ అదే ఇచ్చే పేజ్ క్యాష్, ఫైళ్లను సందర్శకులకు దగ్గరగా ఉన్న చోటు నుంచి అందించే సీడీఎన్, వచన ఫైళ్లకు బ్రోట్లీ లేదా జీజిప్ కుదింపు ఉంటే ఆ రద్దీని మామూలు హోస్టింగ్ కూడా తట్టుకోగలదు. అయితే తల్లిదండ్రులు లాగిన్ అయి చూసే పేజీలు, మార్కులు, ఫీజు బకాయిల పేజీలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ ఉమ్మడి క్యాష్‌లోకి వెళ్లకూడదు. వెళ్తే ఒక కుటుంబం వివరాలు మరొకరి తెర మీద కనిపించే ప్రమాదం ఉంది. క్యాష్ పెట్టించిన రోజున రెండు వేర్వేరు ఖాతాలతో, రెండు వేర్వేరు ఫోనులలో లాగిన్ అయి మీరే స్వయంగా పరీక్షించండి.

ఇదంతా అయ్యాక సైటు మళ్లీ బరువెక్కకుండా చూడడం అసలైన పని. మేము ఒకసారి ఓడింది అక్కడే. శుభ్రం చేసిన మూడు నెలలకే క్రీడాదినోత్సవం ఫొటోలు యథాతథంగా వచ్చి చేరాయి. తప్పు ఎక్కించిన ఉపాధ్యాయురాలిది కాదు. సైజు తగ్గించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఐదు వందల కిలోబైట్లు దాటిన చిత్రాన్ని సైటు తీసుకోకుండా పరిమితి పెట్టించాము, ఫొటో సైజు తగ్గించే విధానాన్ని ఒక పేజీలో రాసి సిబ్బంది గదిలో అంటించాము. ప్రతి టర్ము మొదట్లో హోమ్ పేజీ, ప్రవేశాల పేజీ, ఫీజుల పేజీ, క్యాలెండర్ ఈ నాలుగింటినీ ఫోనులో తెరిచి, బరువెంతో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాము.

మీకు సలహా ఇచ్చిన సంస్థతో మాట్లాడేటప్పుడు, పేజ్ క్యాష్ పెట్టిన తర్వాత కూడా సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి ఎంత సమయం పడుతోందో రాతపూర్వకంగా అడగండి. అది 0.8 సెకన్లు దాటుతూ ఉంటే హోస్టింగ్ మార్పు గురించి వారు చెప్పేది వినవలసిందే. దాటకపోతే ఆ డబ్బు అలాగే ఉంచి, ఈ వారం ప్రవేశాల పేజీలోని ఫొటోలతో పని మొదలుపెట్టండి.