సూది దెబ్బ పిరుదులోనా, మోకాలి దగ్గరా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా ఆయనకు 36 ఏళ్లు, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. నడుం నొప్పి అంటే మా ఊరి ఆర్‌ఎంపీ ఎడమ పిరుదుకు సూది వేశాడు. వేస్తుండగానే కాలి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టు లాగిందని అరిచారు. సాయంత్రానికి పాదం పైకి లేవలేదు. మర్నాడు అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చి నాలుగు రోజులు ఉంచాం. ఇప్పటికి 21 నెలలైంది, పాదం వేలాడుతూనే ఉంది. చెప్పు జారిపోయినా తెలియదు, బండి గేరు వేయలేరు, పని పోయింది. పెద్దమనుషులు 40 వేలు ఇప్పిస్తామంటున్నారు. ఒక బ్రోకరు మాత్రం బైక్ యాక్సిడెంట్ అని కేసు పెడితే ఇన్సూరెన్స్ నుంచి పది లక్షలు వస్తాయంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: అమ్మా, మీరు నాలుగు పేజీలు రాశారు. మూడు పేజీలు ఆ ఆర్‌ఎంపీ ఎలాంటివాడో చెప్పడానికే పోయాయి. కేసు తేలేది అక్కడ కాదు. మీరు ఫోనులో తీసి పంపిన నరాల పరీక్ష రిపోర్టు రెండో పేజీలో, కింది నుంచి మూడో లైనులో ఉంది.

ఆ లైను ఎందుకు ముఖ్యమో చెబుతాను. తుంటి దగ్గర మొదలయ్యే పెద్ద నరం పిరుదు గుండా తొడ వెనక్కి దిగి, మోకాలి పైన రెండు పాయలుగా చీలుతుంది. పాదాన్ని పైకెత్తే పాయ పేరు పెరోనియల్. అది మోకాలి బయటి వైపు ఎముకను చుట్టుకుని, దాదాపు చర్మం కిందే పోతుంది. అక్కడ చాలాసేపు నొక్కుకుంటే చాలు, పాదం వాలిపోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్లకు ఇలా రావడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. అవతలి వకీలు మొదట అడిగే ప్రశ్న ఇదే: "మీ ఆయన రాళ్ల దగ్గర రోజంతా గొంతుక్కూర్చుని పనిచేసేవారు కదా?" రెండో ప్రశ్న: "నడుం నొప్పితోనే కదా వచ్చారు? డిస్క్ నొక్కుకుని పాదం పడిపోయి ఉండొచ్చు కదా?" ఈ రెండింటికీ జవాబు లేకపోతే, ఆర్‌ఎంపీకి చదువు లేదని ఎంత నిరూపించినా ఆ సూదికీ ఈ పాదానికీ సంబంధం కుదరదు.

మీ రిపోర్టులోని ఆ లైనులో బైసెప్స్ ఫెమోరిస్ షార్ట్ హెడ్ అనే తొడ వెనక కండరం కూడా దెబ్బతిన్నదని రాశారు. పెరోనియల్ పాయ నుంచి మోకాలికి పైన నరం అందే కండరం అదొక్కటే. అది దెబ్బతిన్నదంటే దెబ్బ మోకాలి దగ్గర కాదు, ఇంకా పైన. దాని కిందే వెన్ను పక్క కండరాలు నార్మల్ అని ఉంది. డిస్క్ దగ్గర నరం నొక్కుకుంటే సాధారణంగా ఆ కండరాల్లోనూ తేడా కనబడుతుంది, కాబట్టి డిస్క్ వాదన కూడా బలహీనపడుతుంది. సూది వేసిన చోటుకు సరిగ్గా సరిపోయే రిపోర్టు ఇది. సూది వేసిన ఐదో రోజు ఆసుపత్రిలో చేసిన మొదటి పరీక్షలో పెద్దగా ఏమీ లేదన్నారని భయపడ్డారు. దెబ్బ తగిలాక కండరంలో ఆ మార్పులు కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. రెండు నెలలకు చేసిన రెండో పరీక్షనే నమ్ముకోండి.

మరి ఆ రెండో రిపోర్టు ఒరిజినల్ ఎక్కడ? పంచాయితీలో "చూసి ఇస్తాం" అంటే పెద్దమనిషి చేతిలో పెట్టి వచ్చామని రాశారు. ఆయన ఆర్‌ఎంపీకి బంధువని కూడా మీరే రాశారు! ఇంత నిర్లక్ష్యం ఎలా చేశారమ్మా? మీ ఆయన కాలు మీద ఉన్న గట్టి సాక్ష్యాన్ని అవతలి పక్షం ఇంట్లో వదిలేశారు. రేపే ఇద్దరిని వెంట తీసుకెళ్లి అడగండి. ఇవ్వకపోతే వాదనకు దిగకండి, పరీక్ష చేసినచోట సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అలాగే పెద్దాసుపత్రికి నాలుగు రోజుల కేస్ షీట్ కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి అడిగిన రికార్డు 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లే దాచాలని నియమం, కాబట్టి ఆలస్యం చేయొద్దు. అందులో చేర్చిన రోజు "నిన్న సూది తర్వాత నుంచి" అని రాసి ఉంటే, అప్పటికి ఏ పంచాయితీ, ఏ కేసూ లేవు కాబట్టి ఆ మాటకు విలువ ఎక్కువ.

ఆర్‌ఎంపీ బిల్లు ఇవ్వలేదన్నారు. పర్వాలేదు, ఫోన్‌పేలో 150 రూపాయలు కొట్టారు కదా. స్క్రీన్‌షాట్‌తో ఆగకుండా బ్యాంకుకు వెళ్లి ఆ రోజు స్టేట్‌మెంటు మీద ముద్ర వేయించుకోండి. డబ్బు తీసుకుని వైద్యం చేశాడు కాబట్టి వినియోగదారుల చట్టం వర్తిస్తుంది. అర్హత లేకుండా అల్లోపతి మందు ఇవ్వడమే నిర్లక్ష్యమని 1996లోనే పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అతని చదువు గురించి పేజీలు నింపక్కర్లేదు, ఒక్క పేరా చాలు.

ఇక బ్రోకరు మాట. దాని జోలికి అస్సలు వెళ్లకండి. ఆసుపత్రి రికార్డులో సూది అని ఉంటుంది, పోలీసు రికార్డులో ఆ రోజు యాక్సిడెంటే ఉండదు. బీమా కంపెనీ మనుషులు ఈ రెండూ తెప్పించడానికి ఎంతో సేపు పట్టదు. కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెబితే భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. బ్రోకరు కమిషన్ తీసుకుని వెళ్లిపోతాడు, అఫిడవిట్ మీద సంతకం మీ ఆయనదే. ఇంకా ఘోరం ఏమిటంటే, బైక్ మీద నుంచి పడ్డానని ఒక్కసారి ప్రమాణం చేసి రాస్తే ఆ కాగితమే ఆర్‌ఎంపీకి రక్ష అవుతుంది. అసలు కేసు అక్కడితో చచ్చిపోతుంది. ఆ 40 వేలకు కూడా "ఇకపై ఏ హక్కూ లేదు" అని రాసిన స్టాంపు కాగితం ఎదురుగా పెడతారు. సంతకం చేయొద్దు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసే గడువు విషయానికొస్తే, సూది వేసిన రోజు నుంచి రెండేళ్లు. పంచాయితీ రోజు నుంచీ, రిపోర్టు వచ్చిన రోజు నుంచీ లెక్క కాదు. మీకు మూడు నెలలే మిగిలాయి. లాయర్ నోటీసు ఇచ్చామని కూర్చుంటే గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చినా ఆగదు. గడువు దాటాక తగిన కారణం చూపి క్షమించమని అడగొచ్చు, కానీ పెద్దమనుషులు తిప్పారన్న మాటను కమిషన్ ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను.

ఫిర్యాదు మీ ఆయన పేరు మీద అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. మీరు కట్టింది 150 రూపాయలే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదన్నారు. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. మీ కేసులో మాత్రం కావాలి. దెబ్బ నరంలో ఎక్కడ తగిలిందో న్యూరాలజిస్ట్ చెబితేనే నిలబడుతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, అక్కడికి తీసుకెళ్లి రిపోర్టు చూపించి అభిప్రాయం రాయించండి. సదరం సర్టిఫికెట్ కూడా చేయించండి, పింఛనుకు పనికొస్తుంది. అది వైకల్యాన్ని చూపిస్తుందే తప్ప ఎవరి తప్పో చెప్పదు.

వచ్చే నెల పాదం పైకి లేచేలా, పనిచేస్తున్న వేరే కండరం స్నాయువును మార్చి కుట్టే ఆపరేషన్ చేస్తారని రాశారు. చేయించండి, కేసు కోసం ఆపొద్దు. అయితే ఆపరేషన్ అయ్యాక ఇప్పటి నడక మళ్లీ కనబడదు. ముందురోజు డాక్టరుతో పాదం ఎంత లేస్తోందో కొలిచి రాయించుకోండి. చెప్పుల్లేకుండా, ప్యాంటు మోకాలి పైకి మడిచి, ఆయన నాలుగడుగులు నడుస్తుండగా పక్క నుంచి వీడియో తీయండి. ఆ అడుగుకు మోకాలు ఎంత ఎత్తి వేస్తున్నారో కమిషన్ సభ్యులు కళ్లారా చూడాలి.