పద్యం దిద్దుకునేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన తేటగీతి పద్యాలు చదివాను. తేటగీతికి ప్రాసనియమం లేదు, అంటే పాదాలన్నిటా రెండో అక్షరం ఒకే హల్లు కానక్కర్లేదు. అయినా ప్రాస పాటిస్తానన్నావు, పైగా సమాసాలు రానివ్వనన్నావు. ఎవరూ అడగని కట్టుబాట్లు కోరి తెచ్చుకున్నావంటే నాకెంతో సంతోషం. ఇక దిద్దడం సంగతి చూద్దాం.

"వాన వెలిసెను చక్కగా వాకిలందు." గణాలు, అంటే లఘువులూ (పొట్టి అక్షరాలు) గురువులూ (పొడుగు అక్షరాలు) కలిసిన గుంపులు, సరిపోయాయి. పాదం మొదటి "వా"కు నాలుగో గణం మొదటి "వా" జతపడి యతి కుదిరింది. కానీ వాన చక్కగా వెలియడమేమిటమ్మా? అక్కడ ఇంద్రగణం కావలసి వచ్చింది, చేతికందిన మాట పెట్టేశావు. పాదపూరణకు వచ్చిన మాటను తీసేస్తే గణం పోతుంది గానీ అర్థానికి ఏ లోటూ ఉండదు. ముందు అలాంటి మాటల కింద గీతలు గీసుకో.

ఆ స్థానంలో నగ, నల, సల, భ, ర, త అని ఆరు గణాలకు చోటుంది. "చక్కగా"తో రగణం కుదిరిందని దాన్నే పట్టుకుని కూర్చోకు. వాన వెలిశాక నీకు తెలిసిందేమిటో తలుచుకో. "వాన వెలిసిన వాసన వాకిలంత" అని చూడు. రగణం పోయి భగణం వచ్చింది, యతి అలాగే ఉంది, సమాసమూ లేదు. ఇప్పుడు ఆ వాకిట్లో నువ్వున్నావు.

మూడో పాదం "మనసు"తో ఎత్తుకున్నావు. ప్రాసాక్షరం నకారమే, కానీ దాని ముందున్న "మ" లఘువు. మొదటి పాదంలో "వా" గురువు కనుక ఇక్కడా గురువే ఉండాలి. దాన్ని "మానసము" చేస్తే నియమం నిలుస్తుంది, నీ గొంతు పోతుంది. ఆ పని చేయవద్దు. మనసును పాదం లోపలికి జరిపి, "లోన"తోనో "నేను"తోనో మొదలుపెట్టు.

యతి మొండికేసిన చోట ప్రాసయతి వాడుకో, అంటే యతి అక్షరాలకు బదులు ఆ రెండు చోట్లా వాటి తర్వాతి అక్షరాలకు ప్రాస కుదుర్చు; తేటగీతిలో అది చెల్లుతుంది. ప్రాస మాత్రం ఒక్క పాదంలో వదిలేస్తానంటే ఒప్పుకోను. నువ్వు పెట్టుకున్న నియమమే కాబట్టి వదిలే హక్కు నీకుంది, కానీ వదిలితే పద్యమంతటా వదులు. అప్పుడూ అది తేటగీతే.

దిద్దాక గణాలు విడగొట్టకుండా, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పైకి చదువు. నాలుక తడబడిన చోట ఇంకా పని ఉంది.

నాలుగో పాదం జోలికి పోకు, అది బాగుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన రాసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న