ట్రస్ పైకప్పు కింద ఉయ్యాల బల్ల: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇంటి ఫ్రేమింగ్, అంటే చెక్క చట్రం ఫోటోలు, అల్లుడు గారు తీసిన వీడియో చూశాను. కొలంబస్ చలి మొదలయ్యేలోపు పైకప్పు ఎక్కేసింది, సంతోషం. ఫ్యామిలీ రూములో ఉయ్యాల బల్ల వేలాడదీయొచ్చా అని, డ్రైవాల్ (గోడలకీ సీలింగుకీ బిగించే జిప్సం పలకలు) వచ్చి అన్నీ మూసేయకముందే అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ట్రస్‌లు, అంటే సన్నని చెక్కలతో కట్టే పైకప్పు చట్రాలు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని కదా, కాస్త ఎక్కువ రాసినా ఓపిగ్గా చదువు.

ముందు ఉయ్యాల సంగతి. ఫ్యామిలీ రూము సీలింగుకి కొక్కేలు బిగించి ఉయ్యాల బల్ల వేలాడదీయొద్దు. కారణం కూడా చెబుతాను. అది తెలియకపోతే రేపు ఏ హ్యాండీమ్యానో వచ్చి "నో ప్రాబ్లం" అంటే నమ్మేస్తావు.

మీ తాతయ్య గారింట్లో ఉయ్యాల టేకు దూలానికి ఉండేది. దూలమంటే లావే దాని బలం. ఒంటరిగా వంగుతూ మోస్తుంది. కొక్కెం ఈ పక్క కొట్టినా ఆ పక్క కొట్టినా పెద్దగా పట్టించుకోదు. నీ ఇంటి మీద ఉన్నవి దూలాలు కావు. టూ బై ఫోర్, అంటే రెండంగుళాలు బై నాలుగంగుళాల చెక్కలు. అది కూడా పేరుకే, టేపు పెట్టి చూడు, ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు. అంత సన్నని చెక్కలు నడుమ స్తంభం లేకుండా ఆ గోడ నుంచి ఈ గోడకి దాటుతున్నాయంటే, అది చెక్క లావు వల్ల కాదు, అమర్చిన తీరు వల్ల.

ఆ తీరే త్రికోణం. కీళ్ళు వదులైన నవారు మంచం పక్కకి తోస్తే ఊగిపోతుంది చూడు, నాలుగు మూలలున్న చట్రం ఏదైనా అంతే. మూలకి అడ్డంగా ఒక బద్ద కొట్టావనుకో, ఇక కదలదు. చట్రంలో త్రికోణం పడింది కాబట్టి. త్రికోణం ఆకారం మారాలంటే ఏదో ఒక పక్క సాగాలి, లేదా కురచవ్వాలి, లేదా విరగాలి. ట్రస్ మొత్తం అలాంటి త్రికోణాల వరస.

వీడియోలో ఏటవాలుగా రెండు వైపులా దిగుతున్న చెక్కల్ని టాప్ కార్డ్ అంటాం. మంచు బరువు, షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పెంకులు) బరువు మోసేది అవే. ఆ బరువుకి అవి గోడల్ని బయటికి తోయాలని చూస్తాయి. కింద అడ్డంగా ఉన్న బాటమ్ కార్డ్ ఆ రెండు కొసల్నీ పట్టి లాగి ఉంచుతుంది. నడుమ ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా ఉన్నవి వెబ్స్. వాటిలో కొన్ని నొక్కుడులో ఉంటాయి, కొన్ని లాగుడులో. ఒక్కో చెక్కకి ఒక్కో పని, ఆ పనికి సరిపడా లెక్క. అదనంగా ఏ పని చెప్పినా అది లెక్కలో లేని పనే.

ఇప్పుడు ఉయ్యాల లెక్క చూడు. బాటమ్ కార్డ్ అసలు పని లాగి పట్టుకోవడం. దాని మీద కింది నుంచి సీలింగ్ డ్రైవాల్, పైన ఇన్సులేషన్ (ఇంట్లో వేడి పోకుండా పరిచే పొర) ఉంటాయని మామూలుగా చదరపు అడుగుకి 10 పౌండ్లు వేస్తాం. ట్రస్‌లు 24 అంగుళాలకొకటి ఉంటాయి కాబట్టి ఒక్కో అడుగు చెక్కకి 20 పౌండ్లు. రెండు కీళ్ళ మధ్య పదడుగులుంటే ఆ ముక్క మొత్తం మీదా 200 పౌండ్లు, అదీ సమానంగా పరిచినట్టు. నీ ఉయ్యాలేమో టేకు బల్ల, ఇత్తడి గొలుసులు కలిపి వంద పౌండ్లనుకో, పండక్కి ముగ్గురు కూర్చుంటే ఇంకో 450. రెండు కొక్కేలైతే ఒక్కో దానికి 275 పౌండ్లు ఒకే బిందువు దగ్గర. అది కదలకుండా కూర్చున్నప్పటి మాట. ముప్ఫై డిగ్రీల దాకా ఊగితే కిందికొచ్చిన క్షణంలో బరువు పావువంతు పైనే పెరుగుతుంది, పైగా కొక్కెం ముందుకీ వెనక్కీ లాగుతుంది. ఆ పక్క లాగుడు గురించి ట్రస్ డిజైన్ చేసినవాడు కలలో కూడా అనుకుని ఉండడు.

మరి దారి లేదా అంటే ఉంది. ట్రస్‌లతో సంబంధం లేకుండా విడిగా ఒక ఎల్‌వీఎల్ బీమ్ (పలుచని చెక్క పొరలు అతికించి చేసిన దూలం), దాని రెండు కొసల కింద పునాది దాకా దిగే పోస్టులు వేయించాలి. బిల్డర్ ఒప్పుకుంటే స్ట్రక్చరల్ ఇంజినీరు చేత గీయించి, సీలు వేయించి చేయించుకో. డ్రైవాల్ ముందైతే కొంత ఖర్చు, తర్వాతైతే చాలా ఖర్చు. నన్నడిగితే స్టాండు ఉయ్యాల కొనుక్కో. చూడ్డానికి తాతయ్య గారింటి ఉయ్యాలలా ఉండదు, ఒప్పుకుంటాను, కానీ ఇల్లు మారితే వెంట వస్తుంది.

అటక మీద సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు పెట్టుకోవచ్చా అన్నావు. దానికి జవాబు నా దగ్గర లేదు, ట్రస్ డ్రాయింగులో ఉంది. సరుకుతో పాటే డ్రాయింగులు సైటుకి రావాలని కోడ్, అంటే ఇళ్ళ నిర్మాణ నిబంధనలు చెబుతాయి, కాబట్టి బిల్డర్ దగ్గర తప్పకుండా ఉంటాయి. ఒక్కో ట్రస్‌కి ఒక్కో పేజీ. అందులో టీసీఎల్ఎల్, టీసీడీఎల్, బీసీఎల్ఎల్, బీసీడీఎల్ అని నాలుగు అంకెలు కనిపిస్తాయి. నీకు కావలసింది మూడోది, బాటమ్ కార్డ్ మీద లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాను లాంటి వచ్చిపోయే బరువు. అక్కడ 10 అని ఉంటే ఎప్పుడైనా ఎవరైనా ఎక్కి చూసి రావడానికే, సామానుకి కాదు. 20 అని ఉండి, స్టోరేజి కోసమని రాసి ఉంటే తేలికపాటి పెట్టెలు పెట్టుకో. గరాజ్ మీద ఒక రకం, ఇంటి మీద ఇంకో రకం ఉండొచ్చు, రెండు పేజీలూ చూడు.

ఇది చాదస్తం అనుకోకు. 1988 జులై 1న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో ఒక కార్ల షోరూములో మంటలు లేచాయి. పైకప్పు పాతకాలపు చెక్క బౌస్ట్రింగ్ ట్రస్‌లది (పైచెక్క విల్లులా వంగి ఉండే రకం), ఆ అటకలో కార్ల విడిభాగాలు నిల్వ చేసేవారు. ట్రస్‌లు కూలి ఐదుగురు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. ఆ తర్వాతే న్యూజెర్సీలో ట్రస్‌లున్న షాపుల మీద, ఆఫీసుల మీద త్రికోణపు గుర్తు పెట్టడం మొదలైంది. లోపలికి వెళ్ళే ముందే ఫైర్‌ఫైటర్లకి తెలియాలని.

వంటింటి చిమ్నీ గొట్టం పైకప్పు గుండా పోవడానికి ఇబ్బందేమీ లేదు. రెండు ట్రస్‌ల మధ్య ఇరవై రెండున్నర అంగుళాల ఖాళీ ఉంటుంది, పది అంగుళాల గొట్టం హాయిగా పడుతుంది. చిక్కల్లా ట్రస్ సరిగ్గా స్టవ్ నెత్తిన ఉంటేనే. అప్పుడు గొట్టాన్ని పక్కకి వంచాలి, ట్రస్‌ని కోయకూడదు. ఏసీ వాళ్ళు, ప్లంబర్లు రంపం చేతిలో ఉందని ఒక వెబ్ ముక్క లేపేసి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను. ఇంజినీరు అనుమతి లేకుండా ట్రస్‌లో ఏ చెక్కనీ కోయకూడదు, గాడి పెట్టకూడదు, రంధ్రం చేయకూడదు. కోడ్‌లో స్పష్టంగా ఉంది.

ప్రీ-డ్రైవాల్ ఇన్‌స్పెక్షన్‌కి అల్లుడు గారిని కూడా తీసుకెళ్ళు. మంచి టార్చి లైటు పట్టుకెళ్ళండి. ముఖ్యంగా కీళ్ళ దగ్గర చూడండి. చెక్కల్ని కలుపుతున్న ఆ గాల్వనైజ్డ్ రేకులే ట్రస్‌కి ప్రాణం. 1952లో ఫ్లోరిడాలోని పాంపనో బీచ్‌లో క్యారల్ శాన్‌ఫర్డ్ అనే ఆయన వీటికి ఆద్యుడు, 1955లో కాల్విన్ జూరైట్ విడిగా మేకులు అక్కర్లేని రకం తెచ్చాడు. అంతకుముందు ప్లైవుడ్ ముక్కలు, జిగురు, మేకులతో తంటాలు పడేవారు. రేకు నుంచే పొడుచుకొచ్చిన పళ్ళని ఫ్యాక్టరీలో ప్రెస్సు పెట్టి రెండు వైపులా చెక్కలోకి దిగ్గొడతారు. పన్ను పొడవు అంగుళంలో మూడో వంతుకి కాస్త పైన, అంతే. అందుకే క్రేన్‌తో ఎత్తేటప్పుడు ట్రస్ పక్కకి వంగిందంటే రేకు లేస్తుంది. రేకుకీ చెక్కకీ మధ్య సందు కనిపించినా, ఒక వైపు రేకే లేకపోయినా ఫోటో తీసుకో. ఎవరైనా సుత్తితో కొట్టి సరిచేస్తామంటే ఒప్పుకోకు. ఒకసారి లేచిన పన్ను మునుపటిలా పట్టదు. ట్రస్ కంపెనీ ఇంజినీరు రిపేరు డ్రాయింగు పంపాలి, దాని ప్రకారమే చేయాలి.

ఇంకొకటి, సైటులో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. పొడుగాటి వెబ్ చెక్కల నడిమికి ఒక రంగు ట్యాగు వేలాడుతూ ఉంటే, అక్కడ అడ్డంగా బ్రేసింగ్ చెక్క కొట్టాలని అర్థం. నొక్కుడులో ఉన్న పొడుగు చెక్క విరగడానికి ముందు పక్కకి వంగుతుంది. ఆ అడ్డ చెక్క దాన్ని పట్టుకుంటుంది. ఆ అడ్డ చెక్కకి అక్కడక్కడ ఏటవాలు బ్రేస్ కూడా ఉండాలి, లేకపోతే చెక్కలన్నీ కలిసి ఒకే వైపు వంగుతాయి. ట్యాగు ఉండి చెక్క లేదంటే పని మిగిలిపోయిందన్నమాట. గోడ మీద ట్రస్ కూర్చున్న చోట గాలికి లేవకుండా లోహపు క్లిప్పులు ఉన్నాయా, ప్రతి రంధ్రంలో మేకు ఉందా చూడండి. ఇవి చూడ్డానికి ఇంజినీరు కానక్కర్లేదు.

చివరిగా, వచ్చే జనవరిలో లోపలి గోడకీ సీలింగుకీ మధ్య మూలలో సన్నని పగులు కనిపిస్తే రాత్రికి రాత్రి నాకు ఫోన్ చేయకు. ఇన్సులేషన్ కింద పూడుకున్న బాటమ్ కార్డ్ వెచ్చగా, పొడిగా ఉంటుంది. పైచెక్కలు చలికి తేమ పట్టి కొద్దిగా సాగుతాయి. దాంతో ట్రస్ నడుమ పైకి వంగి సీలింగుని కాస్త లేపుతుంది. వేసవికి మళ్ళీ దిగుతుంది. దీన్ని ట్రస్ అప్‌లిఫ్ట్ అంటారు, ఇంటికి ప్రమాదమేమీ లేదు. అయితే ఇప్పుడే తప్పించే ఉపాయముంది. లోపలి గోడలకి అడుగున్నర దూరం దాకా సీలింగ్ డ్రైవాల్‌ని ట్రస్‌కి స్క్రూ చేయకుండా, అంచుని గోడ పైన క్లిప్పులకి బిగించమని డ్రైవాల్ వాళ్ళకి చెప్పించు. పని తెలిసిన సూపర్‌వైజరైతే మాట పూర్తయ్యేలోపే సరే అంటాడు.

ట్రస్ డ్రాయింగుల పీడీఎఫ్ బిల్డర్ నుంచి తెప్పించి నాకు పంపు. గరాజ్ పేజీ, ఫ్యామిలీ రూము పేజీ చాలు, మిగతా నలభై పేజీలు అక్కర్లేదు. పిల్లలకి ముద్దులు, అల్లుడు గారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
పెదనాన్న