హెడ్‌సెట్ పెట్టుకునే ముందు ప్రశ్న రాసుకో

హనుమకొండ

బిడ్డా,

కాకతీయ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పరిశోధనలో మందు అణువులను రూపొందించడానికి నువ్వు వీఆర్‌ను, అంటే హెడ్‌సెట్‌తో అణువు లోపలికే వెళ్లినట్టు చూపే వర్చువల్ రియాలిటీని, వాడబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంతో సంతోషం కలిగింది. జీవితమంతా రసాయనశాస్త్రం బోధించి, విరమణ తరువాత ఈ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకున్నవాడిగా నీకు కొన్ని విషయాలు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఏం వెతుకుతున్నావో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోకుండా హెడ్‌సెట్ పెట్టుకోవద్దు. ప్రశ్న లేకుండా లోపలికి వెళితే అణువు అందంగా కనిపిస్తుందే తప్ప ఏమీ చెప్పదు.

మొదటి అభ్యాసానికి ప్రోటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంకులోని 1హెచ్‌ఎస్‌జి నిర్మాణాన్ని, అణువులను చూపే కైమెరాఎక్స్ ప్రోగ్రాములో తెరువు. హెచ్‌ఐవీ వైరస్ ఎంజైమైన ప్రోటియేజ్‌లో ఇండినవిర్ మందు ఇమిడి ఉన్న నిర్మాణం అది. ఎంజైమును గదంత పెద్దది చేసుకుని మందు ఇమిడే గుంత అయిన పాకెట్ లోపల నిలబడితే, కింద ఎంజైము రెండు గొలుసులలోని 25వ ఆస్పార్టిక్ ఆమ్లాలు మందులోని హైడ్రాక్సిల్ సమూహానికి చేరువగా కనిపిస్తాయి. తల ఎత్తి చూస్తే, పైనుంచి మూసుకున్న రెండు రెక్కల కొసల్లోని 50వ ఐసోల్యూసిన్‌లకూ మందుకూ నడుమ ఒకే ఒక్క నీటి అణువు ఉంటుంది. డాకింగ్ (మందు ఎంజైములో ఎలా ఇముడుతుందో కంప్యూటరుతో అంచనా వేయడం) చేసే ముందు నీటినంతా తీసివేయడం చాలామందికి అలవాటు. కానీ ఈ నీరు రెండు పక్కలనూ హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతోంది. దీన్ని తొలగించి, దాని చోట మందులోని ఆక్సిజన్‌నే నిలపాలన్న ఆలోచనతో రూపొందించిన చక్రీయ యూరియా నిరోధకాలు 1994లో వెలువడ్డాయి. అణువును రూపొందించడమంటే ఇటువంటి చోటును గుర్తుపట్టడమే అని నా నమ్మకం.

వేయిస్తంభాల గుడి మంటపంలో ఏ స్తంభం వెనుక ఏముందో చుట్టూ నడిస్తేనే తెలిసినట్టు, పాకెట్ లోతు కూడా నువ్వు కదిలితేనే తెలుస్తుంది. అందువల్ల అణువును గిరగిరా తిప్పకుండా దాన్ని నిలిపి ఉంచి నువ్వే చుట్టూ తిరుగు. కళ్లు తిరగడం కూడా తగ్గుతుంది. వికారం మొదలైన వెంటనే ఆపెయ్యి, ఓర్చుకుంటే అలవాటవుతుందని అనుకోకు. మన ఎండాకాలంలో చెమటకు లెన్సులు మసకబారతాయి కాబట్టి పొద్దున్నే పని పెట్టుకో.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయ బృందం, అణువుల కదలికను కంప్యూటరు లెక్కిస్తూ ఉండగానే వాటిని చేత్తో పట్టి కదిలించే పద్ధతిని ప్రచురించింది. మీథేన్‌ను కార్బన్ నానోట్యూబ్ గుండా పంపడం, స్క్రూలా మెలి తిరిగిన హెలిసీన్ అణువు మెలికను అటునుంచి ఇటు మార్చడం, చిన్న ప్రోటీన్ గొలుసైన పెప్టైడ్‌కు ముడి వేయడం వంటి పనులను మౌస్‌తో, టచ్‌స్క్రీన్‌తో, వీఆర్‌తో చేయించి పోల్చారు. ముడి వేయడంలో వీఆర్ ఆధిక్యం స్పష్టంగా కనిపించింది. ఆ సౌలభ్యమే మనల్ని మోసగించగలదు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి కొలమానమైన కేటీ మోలుకు సుమారు 0.6 కిలోకేలరీలు మాత్రమే, నీ చెయ్యి అంతకు ఎన్నో రెట్లు పని అణువులోకి నెట్టగలదు. బలంగా తోస్తే మందు ఎక్కడైనా దూరుతుంది. కాబట్టి చేత్తో కనుగొన్న దారిని ఊహగానే భావించి, ఎనర్జీ మినిమైజేషన్‌తో అణువును తక్కువ శక్తి ఉన్న ఆకృతికి చేర్చి, పట్టు వదిలేసి స్వేచ్ఛగా సిమ్యులేషన్ (అణువుల కదలిక లెక్క) నడిపి, మందు అక్కడే నిలుస్తుందో లేదో చూడు. ఆ దారిలో మందు ఎంత సులువుగా కదులుతుందో చెప్పే స్వేచ్ఛాశక్తి కావాలంటే, దారిని ముక్కలుగా చేసి ఒక్కో చోటా సిమ్యులేషన్ నడిపే అంబ్రెల్లా శాంప్లింగ్ చెయ్యాలి.

కొలతలు కూడా కళ్లకు వదిలిపెట్టవద్దు. హైడ్రోజన్ బంధమని చెప్పే ముందు రెండు భారీ (హైడ్రోజన్ కాని) పరమాణువుల మధ్య దూరం సుమారు 2.7 నుంచి 3.2 ఆంగ్‌స్ట్రాముల్లో (ఒక ఆంగ్‌స్ట్రాము మీటరులో వెయ్యి కోట్లవ వంతు) ఉందో లేదో కొలువు. 2 ఆంగ్‌స్ట్రాముల స్పష్టత (రిజల్యూషన్) ఉన్న ఎక్స్‌రే నిర్మాణంలో హైడ్రోజన్లు కనిపించవు, తెర మీద ఉన్నవి ప్రోగ్రాము చేర్చినవి. వాటిని, ముఖ్యంగా ఆ ఆస్పార్టిక్ ఆమ్లాల మీద ప్రోటాన్ ఎక్కడుందో, నువ్వే నిర్ణయించుకోవాలి. పరమాణువు స్థానం ఎంత అనిశ్చితమో చెప్పే బీ-ఫ్యాక్టర్ ఎక్కువున్న లూపులకు (ప్రోటీన్ గొలుసులోని వదులైన మలుపులకు) ముందే వేరే రంగు వేసుకుంటే, స్థానం సరిగా తెలియని పరమాణువు మీద ఆధారపడి మందు గీసే పొరపాటు జరగదు.

లోపల ఉన్నప్పుడు రాసుకోలేవు కనుక, ల్యాబులో ఒకరిని పక్కన కూర్చోబెట్టి నువ్వు చెప్పేదంతా నోటుపుస్తకంలో ఎక్కించమను. మొదటి అభ్యాసం అయ్యాక సెషన్ ఫైలునూ ఆ పేజీల ఫొటోలనూ నాకు పంపు. నేను ల్యాప్‌టాప్‌లో తెరిచి, నీ కొలతలను సరిచూసి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న